కట్ట మీద అడ్డం పైపులు

(హనుమకొండలో ఉదయపు నడకకు వచ్చేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు కలిసి కూర్చున్న సమావేశంలో ఒక రిటైర్డ్ సివిల్ లెక్చరర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నడక ముగించుకుని ఇంటికి పోయి టిఫిన్ చేసే టైంలో మీరంతా ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. ఇన్నాళ్ళూ చెరువు కట్ట మీద ఎదురుపడి ఒకరినొకరు కసురుకున్నవాళ్ళు ఇవాళ పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు నా సంగతి చెప్పేస్తాను. మన కట్ట మొదట్లో ఆ అడ్డం పైపులు ఉన్నాయి చూడండి, పసుపు నలుపు రంగువి, వాటి కోసం అర్జీ రాసింది నేనే. ఇవాళ వాటిని తీసేయాలని మాట్లాడుతున్నదీ నేనే. మధ్యలో ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

రెండేళ్ళ కింద కార్తీక మాసంలో మా పెద్దక్క, నేను కట్ట మీద నడుస్తున్నాం. అక్కకు అరవై ఎనిమిదేళ్ళు. తూము దగ్గర దారి ఎడమకు తిరుగుతుంది, మీకందరికీ తెలుసు. నేను షూ లేసు కట్టుకోవడానికి ఆగాను. అక్క నాలుగడుగులు ముందుకు పోయి మలుపు తిరిగింది. అంతలో ధడేల్‌మని చప్పుడు. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి అక్క కింద ఉంది, పక్కన సైకిల్ పడి ఉంది, దాని వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు. ట్యూషన్‌కు టైమైపోతోందని కట్ట ఎక్కాడు. వాడి మోచెయ్యి గీసుకుపోయి రక్తం కారుతోంది, అది కూడా చూసుకోవడం లేదు. "అమ్మమ్మా, కనిపించలే... నిజంగా నాకు కనిపించలే" అని ఒకటే ఏడుపు. అక్క కింద కూర్చునే, "నీకేం కాలే కదా బిడ్డా?" అని వాణ్ణి అడిగింది. ఆమె కుడి చేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది.

ఆ కోపంలో నేను అర్జీ రాశాను. నలభై మంది సంతకాలు పెట్టారు, ఈ గదిలో కూడా వాళ్ళలో చాలామంది ఉన్నారు. "సైకిళ్ళ వేగానికి అడ్డుకట్ట వేయాలి, ఇనుప గేట్లు పెట్టాలి" అని రాశాను. మూడు నెలలకు పైపులు వచ్చాయి. రెండంగుళాల జీఐ పైపులు, నడుము ఎత్తు. ఎడమ పక్క నుంచి ఒక వరస, కుడి పక్క నుంచి ఒక వరస, మధ్యలో జిగ్‌జాగ్‌గా దూరి పోవాలి. ఆ రోజు మేం స్వీట్లు పంచుకున్నాం. కట్టు విప్పిన తర్వాత అక్క మళ్ళీ నడకకు వచ్చింది. నా పని ఫలించిందనుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత ఒక పొద్దున నేను కొంచెం ఆలస్యంగా వచ్చాను. పైపుల అవతల, రోడ్డు పక్కన, మన టైలర్ అన్న తన ట్రైసికిల్‌లో కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయిన మనిషి. చేతులతో పెడల్ తిప్పుకుంటూ రోజూ పొద్దున కట్ట ఆ చివరి దాకా, మత్తడి దాకా వచ్చేవాడు. మత్తడి గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నీళ్ళు చూసి, తిరిగి పోయి దుకాణం తెరిచేవాడు. నేను అడిగాను, "ఏందన్నా, ఇక్కడే ఆగినవు?" అని. "ఏం లేదు సారూ, గాలి ఇక్కడ కూడా వస్తది కదా" అన్నాడు. నా మీద కోపం లేదు. అర్జీ నేనే రాశానని ఆయనకు తెలుసు కూడా. మా అక్క పడిన రోజు ఆటో పిలిచింది ఆయనే.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు రోడ్ల గురించి పాఠాలు చెప్పిన మనిషిని. ఆ పైపుల మధ్య నుంచి రోజూ పోతూ కూడా, ఆ సందులో ఎవరు పట్టరు అని ఒక్కసారి ఆలోచించలేదు. మర్నాడు టేపు పట్టుకుని వచ్చాను. పైపు చివర నుంచి పక్క గుంజ దాకా సందు 75 సెంటీమీటర్లు. మొదటి వరసకు, రెండో వరసకు మధ్య 90 సెంటీమీటర్లు. అన్న ట్రైసికిల్ వెడల్పు 80 సెంటీమీటర్ల పైచిలుకు. సరే, సందు ఇంకో పది సెంటీమీటర్లు పెంచితే అయిపోతుందా? కాదు. వెడల్పు కన్నా పొడవు పెద్ద సమస్య. మామూలు సైకిలే దగ్గర దగ్గర 180 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. 90 సెంటీమీటర్ల చోటులో దాన్ని మలపాలంటే దిగి, వెనక చక్రం పైకెత్తి పక్కకు జరపాలి. నలభై లీటర్ల పాలు క్యాన్లలో పెట్టుకుని వచ్చే మనిషి దాన్ని ఎత్తగలడా? వెనక క్యారియర్ మీద బిడ్డను కూర్చోబెట్టుకున్న తల్లి ఎత్తగలదా?

ఎత్తగలిగింది ఎవరో తెలుసా? ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడే. పదిహేనేళ్ళ పిల్లలకు సైకిల్ ఎత్తి అవతల పెట్టడం ఒక ఆట. మనం ఎవరికి భయపడి పైపులు పెట్టించామో వాళ్ళు ఆగలేదు. ఎవరి గురించి మనం ఆలోచించనే లేదో వాళ్ళు ఆగిపోయారు.

ఇంకొకటి కూడా చూశాను. పైపుల పక్కన కట్ట వాలు మీద గడ్డి అరిగిపోయి ఒక చాలు పడింది. అది స్కూటర్ల చాలు. పైపులు దారికే ఉన్నాయి, వాలుకు లేవు. బండి వాళ్ళు పక్క నుంచి దిగి ఎక్కుతున్నారు. వానాకాలం ఆ చాలులో నీళ్ళు పారితే మట్టి కట్ట కోసుకుపోతుంది. చెరువు కట్ట అంటే నీళ్ళను ఆపడానికి కట్టింది, నడక దారి మనం తర్వాత వేసుకున్నది. అందుకే దాని మీద గుంజ కోసం గుంట తవ్వాలన్నా ఇరిగేషన్ వాళ్ళను అడిగే చెయ్యాలి.

ఇప్పుడు కొంచెం పాఠం. భయపడకండి, లెక్క చిన్నదే.

సైకిల్ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. ఎదురుగా మనిషి కనిపించి, చెయ్యి బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను. అప్పటికే ఐదున్నర మీటర్లు అయిపోయాయి. మంచి బ్రేకులుంటే ఆగడానికి ఇంకో ఐదు మీటర్లు కావాలి. మొత్తం పదకొండు మీటర్లు అనుకోండి. అదే 12 కిలోమీటర్ల వేగమైతే మొత్తం ఐదు మీటర్ల చిల్లరలో ఆగిపోతుంది. తగిలినా సరే, ఆ దెబ్బ బలం వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి 20లో తగిలే దెబ్బ 12లో తగిలేదానికి దాదాపు మూడు రెట్లు. కాబట్టి వేగం తగ్గాలన్న మాటలో తప్పేం లేదు. అక్క మణికట్టు విరగడం అబద్ధం కాదు. ముసలివాళ్ళకు భయం కూడా నిజమే. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి చెవి పక్క నుంచి దూసుకుపోతే గుండె ఆగినంత పనవుతుంది. సైకిల్ పిల్లలు ఇది గుర్తు పెట్టుకోండి. తగలకపోవచ్చు, కానీ ఆ ఒక్క దడుపుకే కట్ట మీదికి రావడం మానేసిన పెద్దమ్మలు నాకు ఇద్దరు తెలుసు.

మరి తూము మలుపు దగ్గర ఏం జరిగింది? ఆ టేపుతోనే అక్కడికి కూడా పోయాను. మలుపు లోపలి పక్కన సర్కారు తుమ్మ గుబురుగా పెరిగి ఉంది, మనిషి ఎత్తు కన్నా పైకి. అటు నుంచి సైకిల్ మీద వచ్చే పిల్లవాడి కంటి ఎత్తులో కూర్చుని చూశాను. ఇవతల నడిచే మనిషి కనిపించేది ఆరు మీటర్ల దూరంలో. ఇరవై వేగంలో ఉన్నవాడికి కావాల్సింది పదకొండు. ఆరులో వాడు ఎట్లా ఆగుతాడు? "నాకు కనిపించలే" అన్నాడు వాడు. మనం అది సాకు అనుకున్నాం. వాడు చెప్పింది అక్షరాలా నిజం. మనం పైపులు పెట్టించింది కట్ట మొదట్లో, అక్క పడింది తూము దగ్గర. ఆ రెంటికీ మధ్య అర కిలోమీటరు దూరం. పైపులు దాటిన సైకిల్ ఆ అర కిలోమీటరులో మళ్ళీ పూర్తి వేగం అందుకుంటుంది.

పోయిన నెల మనలో ఆరుగురం పోయి ఆ తుమ్మ కొట్టేశాం. చేతుల నిండా ముళ్ళు దిగాయి. ఇప్పుడు అదే చోట కూర్చుని చూస్తే ఇరవై ఐదు మీటర్ల దూరం నుంచి మనిషి కనిపిస్తున్నాడు. ఒక గొడ్డలి, ఒక పొద్దున. మొదటి రోజే చేయాల్సిన పని అది.

మీరు ఖిలా వరంగల్ పోతూనే ఉంటారు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతి కోట. ఆ ద్వారం దగ్గర దారి నేరుగా లోపలికి పోదు. గోడ అడ్డం వస్తుంది, పక్కకు తిరగాలి, మళ్ళీ తిరగాలి. గుర్రాల దండు ఒక్క ఊపున లోపలికి దూసుకు రాకుండా అట్లా కట్టారు. ఇవాళ కూడా ఆటో అయినా, బస్సయినా అక్కడ మెల్లగానే తిరుగుతుంది. మెలిక పెడితే వేగం తగ్గుతుందనే తెలివి మనకు కొత్తది కాదు. మన ఊళ్ళలో పొలం గట్ల దగ్గర, బడి గోడ దగ్గర గొడ్లు రాకుండా, మనిషి మాత్రం పక్కకు తిరిగి పోయేటట్టు సందు వదలడం కూడా చూశాం. కానీ కోట ద్వారానికి వచ్చేది శత్రువు. పొలం సందు దగ్గరికి వచ్చేది ఎద్దు. చెరువు కట్ట మీదికి వచ్చేది మనవాళ్ళు. అదే కొలత ఇక్కడికి తెచ్చి పెట్టడమే నేను చేసిన తప్పు.

వెనక నుంచి ఆ అన్న చెయ్యెత్తారు. చెప్పండన్నా... "బైకులు వస్తయి కదా సార్, పైపులు తీసేస్తే?" మంచి ప్రశ్న. నాకూ మొదట ఇదే టెన్షన్. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

స్ప్లెండర్ బండి వెడల్పు 72 సెంటీమీటర్లు. యాక్టివా అయితే దాదాపు 70. ఇప్పుడు చక్రాల కుర్చీ తీసుకోండి, అది కూడా 65, 70 మధ్య ఉంటుంది, పక్కన చేతులు తిప్పుకోవడానికి జాగా వేరే కావాలి. మన టైలర్ అన్న ట్రైసికిల్ 80 పైన. అంటే ఏమైంది? చక్రాల కుర్చీ పట్టే ఏ సందులోనైనా యాక్టివా పడుతుంది. యాక్టివా పట్టని సందులో చక్రాల కుర్చీ పట్టదు. నేను రాత్రులు కూర్చుని కాగితం మీద రకరకాలుగా గీశాను. ఎన్ని మెలికలు తిప్పినా తేలింది ఇదే. ఇనుముకు వెడల్పు ఒక్కటే తెలుసు. లోపలికి వచ్చేది కాళ్ళు లేని మనిషా, కాలేజీ కుర్రాడా అని దానికి తెలియదు. బైకులను ఆపాల్సింది చలానాతో, అక్కడ నిలబడే మనిషితో, పొద్దున రెండు గంటలు మనమే వంతులు వేసుకుని కాపలా ఉండటంతో. ఫుట్‌పాత్ మీద, సైకిల్ దారి మీద మోటారు బండి నడపకూడదని చట్టంలోనే ఉంది. కార్ల లాంటివి రాకుండా మాత్రం గుంజలు పనికొస్తాయి, ఎందుకంటే అవి నిజంగానే వెడల్పైనవి. గుంజకూ గుంజకూ మధ్య మీటరున్నర వదిలినా కారు పట్టదు, టైలర్ అన్న హాయిగా పోతాడు.

ఈ మీటరున్నర లెక్క నా సొంతం కాదు. ఇంగ్లండ్‌లో 2020లో సైకిల్ దారుల డిజైన్ మీద ప్రభుత్వం ఒక మార్గదర్శకం తెచ్చింది. దాంట్లో గుంజల మధ్య కనీసం 1.5 మీటర్లు ఉండాలన్నారు. దారి వేసేటప్పుడు మనసులో పెట్టుకోవాల్సింది మామూలు సైకిల్‌ను కాదు, 2.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న బండిని అన్నారు. మూడు చక్రాలవి, సామాను బండ్లు, చేతితో తిప్పేవి అన్నీ అందులో పట్టాలని. మన జిగ్‌జాగ్ పైపుల లాంటివి పెట్టవద్దనే చెప్పారు. వాళ్ళు అనుభవించాకే చెప్పారు. అక్కడ దేశమంతా సైకిల్ దారులను చూసుకునే, అప్పట్లో సస్ట్రాన్స్ అనే పేరున్న సంస్థ 2018లో లెక్క తీస్తే వాళ్ళ దారుల మీద దాదాపు 16 వేల అడ్డంకులు తేలాయి. ఎక్కువ భాగం బైకులు రాకుండా అని, సైకిళ్ళు మెల్లగా పోవాలని ఎప్పుడో ఎవరో పెట్టినవే. ఇప్పుడు ఒక్కొక్కటీ తీయడం, మార్చడం వాళ్ళకు ఏళ్ళ తరబడి పని అయింది. మనకు ఒక్క కట్ట, ఒక్క జత పైపులు. ఇప్పుడే దిద్దుకోవచ్చు.

ఆ 2020 మార్గదర్శకంలోనే నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. గంటకు 11 కిలోమీటర్ల లోపు వేగంలో సైకిల్ నిలకడగా ఉండదు, అటూ ఇటూ ఊగుతుంది, అప్పుడు దానికి ఇంకా ఎక్కువ వెడల్పు కావాలి. ఇది సైకిల్ తొక్కిన ప్రతివాళ్ళకూ తెలుసు. కానీ మనం ఏం చేశాం? సైకిల్‌ను అన్నిటికన్నా మెల్లగా పోయేటట్టు చేసి, అదే చోట దారిని అన్నిటికన్నా ఇరుకు చేశాం. అక్కడ తొక్కేవాడి చూపు ఎక్కడుంటుందో ఒకసారి నిలబడి గమనించండి. హ్యాండిల్ చివర మీద, పైపు మీద. ఎదురుగా వచ్చే మనిషి మీద ఉండదు. వేగం తగ్గింది నిజమే, కానీ మనిషిని చూడటం కూడా తగ్గింది.

నెదర్లాండ్స్‌లో సైకిళ్ళు ఎక్కువని అందరికీ తెలుసు. దారి మధ్యలో పెట్టిన గుంజలకు కొట్టుకుని సైకిల్ వాళ్ళు పడటం అక్కడ పెద్ద సమస్య అయింది. ముఖ్యంగా నలుగురు కలిసి పోయేటప్పుడు. ముందువాడు గుంజను చూసి పక్కకు తప్పుకుంటాడు, వెనకవాడికి అప్పటిదాకా ముందువాడి వీపే అడ్డం. అందుకే వాళ్ళు ముందు అడిగే ప్రశ్న, ఈ గుంజ అసలు అవసరమా అని. తప్పదంటే, గుంజకు చాలా ముందు నుంచే నేల మీద తెల్ల గీతను గరుకుగా, గీరలు గీరలుగా వేస్తారు. చక్రం దాని మీదికి ఎక్కగానే చేతులకు వణుకు తెలుస్తుంది, తలెత్తి చూస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం కింద నుంచి పెద్ద దారి ఒకటి పోతుంది. అక్కడ సైకిళ్ళను పోనివ్వాలా వద్దా అని ఏళ్ళ తరబడి గొడవపడి, చివరికి 2013లో తెరిచారు. మధ్యలో సైకిళ్ళు, రెండు పక్కలా నడిచేవాళ్ళు.

అయితే వాళ్ళ దారులు వెడల్పైనవి. మన కట్ట పైన ఉన్నది మూడు మీటర్లు. అటు నీళ్ళు, ఇటు వాలు. దాన్ని వెడల్పు చేయలేం. గీత గీసి రెండు భాగాలు చేస్తే ఎవరి వాటా ఎవరికీ సరిపోదు. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవడానికి మనవాళ్ళు వస్తారు, ఒకరి వెనక ఒకరు లైను కట్టడానికి రారు. మన దేశంలో రోడ్లకు కొలతలు ఇచ్చే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ లెక్క ప్రకారం ఫుట్‌పాత్‌కు అడ్డంకులు పోగా కనీసం 1.8 మీటర్లు వదలాలి. మూడులో అది తీసేస్తే సైకిల్‌కు మిగిలేది 1.2. ఎదురుగా ఇంకో సైకిల్ వస్తే? అందుకని గీత ఆలోచన నేను వదిలేశాను.

స్పీడ్ బ్రేకర్లు వేద్దామని కొందరు అంటున్నారు. రోడ్డు మీద వేయాల్సిన స్పీడ్ బ్రేకర్‌కే 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు ఇచ్చింది. మన వీధుల్లో వేసేవి ఎట్లా ఉంటాయో నడుము నొప్పి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అట్లాంటి గట్టు కట్ట మీద వేస్తే చక్రాల కుర్చీ ముందు చిన్న చక్రాలు అక్కడే ఆగిపోతాయి, కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు తట్టుకుని పడతారు. వద్దు.

ఒక్క సంగతి మాత్రం మనసు పెట్టి వినండి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడవాళ్ళు నీళ్ళ దగ్గరికి ఎట్లా పోతారో కళ్ళ ముందు పెట్టుకోండి. పెద్ద బతుకమ్మను రెండు చేతులతో పట్టుకుని, లేదా తల మీద పెట్టుకుని. తంగేడు పూలు, గునుగు పూలు, గుమ్మడి పూలు గుత్తులుగా కళ్ళకు అడ్డం ఉంటాయి. కాళ్ళ ముందు ఏముందో కనిపించదు. వెనక నుంచి జనం తోస్తుంటారు, పక్కన చిన్న పిల్లలు. పోయినసారి మన కట్ట దగ్గర కూడా ఆడవాళ్ళు ఆ పైపుల సందులోంచే ఒక్కొక్కరుగా పోయారు. ఒక అమ్మాయి పైపు అంచు మోకాలికి తగిలి కూలబడింది, బతుకమ్మ పళ్ళెం జారిపోయింది. పూలన్నీ నేల మీద. ఆమె ఏడుస్తూ వాటిని ఏరుకుంటుంటే వెనకవాళ్ళు ఆగే జాగా కూడా లేదు. రేపు ఎవరికైనా కట్ట మీద గుండె నొప్పి వస్తే స్ట్రెచర్ ఎట్లా తెస్తారు? ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందరూ వాడుకునే చోట్లు వాళ్ళకు కూడా అందుబాటులో ఉండాలని అది చెబుతుంది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మనిషి జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. మనం ఇవ్వబోయే రెండో అర్జీలో ఈ రెండూ రాస్తాను.

ఇక అసలు ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లవాడు కట్ట ఎందుకు ఎక్కాడు?

నేను వాళ్ళ ఇంటికి పోయి అడిగాను. వాళ్ళమ్మ మొదట భయపడింది, పంచాయితీకి వచ్చాననుకుంది. కాదమ్మా అని కూర్చుని టీ తాగి, మీ బాబు ట్యూషన్‌కు ఏ దారిన పోతాడని అడిగాను. కట్ట కింద రోడ్డు ఉంది కదా, అందులో పొద్దున ఐదున్నర నుంచి ఇసుక లారీలు, కాలేజీ బస్సులు. ఎడమ పక్కన కార్లు ఆపి పెడతారు. సైకిల్ కార్ల పక్క నుంచి, అంటే లారీల దారిలోనే, పోవాలి. "లారీ కింద పడేకన్నా కట్ట మీద పోరా అని నేనే చెప్పిన సార్" అందామె. ఆ తల్లి మీద నేనేం కోపం తెచ్చుకోను? మన అక్కను కాపాడుకోవాలని మనం పైపులు పెట్టాం. తన కొడుకును కాపాడుకోవాలని ఆమె కట్ట ఎక్కించింది. పైపులు గట్టిగా బిగిస్తే ఆ పిల్లవాడు పోయేది లారీల మధ్యకే.

మన నగరం సైకిళ్ళను వద్దనుకున్న నగరం కాదు. కేంద్రం 2020లో సైకిళ్ళ కోసం నగరాలకు ఒక పోటీ పెడితే, 2021లో ఎంపికైన పదకొండు నగరాల్లో వరంగల్ ఒకటి. బెంగళూరు, నాగ్‌పూర్, సూరత్‌ల పక్కన మన పేరు. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. మనకు అంత అక్కర్లేదు. కట్ట కింద రోడ్డు మీద ఎడమ పక్కన కార్లు ఆపకుండా చేసి, రెండు మీటర్ల పట్టీ సైకిళ్ళకు వదిలితే, ట్యూషన్ పిల్లలు, పేపర్ బాయ్స్, పొద్దున్నే డ్యూటీకి పోయే పారిశుద్ధ్య కార్మికులు అటే పోతారు. తొందర ఉన్నవాడు నేరుగా ఉన్న మంచి రోడ్డు దొరికితే కట్ట ఎక్కడు. రెండో అర్జీలో మొదటి కోరిక ఇదే. దీనికి టైం పడుతుంది, నాకు తెలుసు. ఊరుకోను.

అప్పటిదాకా కట్ట మీద చేయగలిగేవి చేద్దాం. పైపులు రెండు వరసలూ తీసేయాలి. ఆ చోట కారు రాకుండా మధ్యలో ఒకే గుంజ, దానికి రెండు పక్కలా దాదాపు మీటరున్నర చొప్పున. గుంజ మోకాలి ఎత్తులో వద్దు, ఛాతీ ఎత్తు ఉండాలి, రేడియం స్టిక్కర్ చుట్టాలి, దానికి ముందు గరుకు గీత. తూము దగ్గర తుమ్మ మళ్ళీ పెరగకుండా మూడు నెలలకొకసారి చూసుకోవాలి, ఆ పని నేను తీసుకుంటాను. మలుపు మీద ఒక వీధి దీపం ఏళ్ళుగా వెలగడం లేదు, అది కూడా. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా నడిచేవాళ్ళ టైం, ఆ టైంలో సైకిల్ మీద వచ్చేవాళ్ళు మనిషి పక్కకు రాగానే నడక వేగానికి రావాలి, బెల్లు కొంచెం దూరం నుంచే ఒకసారి కొట్టాలి. పక్కకు వచ్చాక కొట్టడం, ఆగకుండా కొట్టడం రెండూ వద్దు. నడిచేవాళ్ళం మనం కూడా నలుగురైదుగురం దారంతా గోడ కట్టినట్టు పోవద్దు. చెవుల్లో పాటలు పెట్టుకుంటే ఒక చెవి వదిలేయండి.

మెలిక పెట్టాల్సిన చోటు నిజంగా ఒక్కటే ఉంది. మత్తడి పక్కన కట్ట దిగి రోడ్డు మీద కలిసే ఏటవాలు. అక్కడ సైకిల్ దానంతటదే వేగం అందుకుంటుంది, కింద లారీలు. అక్కడ పిల్లవాడు ఒక్క క్షణం ఆగి చూడకపోతే ప్రాణం పోతుంది. అక్కడ మాత్రం రెండు రెయిలింగులు ఎదురెదురుగా, అటొకటి ఇటొకటి పెట్టాలని నేను అడుగుతాను. కానీ ఈసారి సందు 1.5 మీటర్లు, రెండింటి మధ్య దూరం ట్రైసికిల్ దిగకుండా తిరిగేంత. ఆ దూరం ఎంత అనేది నేను కాగితం మీద తేల్చను. ఒకసారి కాగితం మీద తేల్చి చూశాను కదా.

అందుకే అడుగుతున్నాను. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు మత్తడి దగ్గరికి రండి. ఇటుకలు, సుద్దముక్కలు, టేపు నేను తెస్తాను. రెయిలింగులు ఎక్కడ రావాలో అక్కడ ఇటుకలు పేరుద్దాం. టైలర్ అన్న ట్రైసికిల్‌తో వస్తానన్నాడు. పాలాయన నిండు క్యాన్లతోనే వస్తానన్నాడు, ఖాళీ వాటితో లాభం లేదని ఆయనే చెప్పాడు. చక్రాల కుర్చీ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. అక్కలు ఒక పెద్ద పళ్ళెం తలకెత్తుకుని రెండుసార్లు నడిచి చూపించాలి. మా అక్క కూడా వస్తుంది. ఆ పిల్లవాడు, ఇప్పుడు పదకొండో తరగతి, అదిగో మూడో వరసలో కూర్చున్నాడు, వాడు సైకిల్‌తో మామూలుగా ఎంత వేగంగా వస్తాడో అంత వేగంగా వాలు దిగి రావాలి. ఇటుక ఎక్కడ కదిలితే అక్కడ జరుపుదాం. అందరూ దిగకుండా, తగలకుండా పోయిన కొలతను సుద్దతో గీసి, ఫోటో తీసి, అర్జీకి జత చేద్దాం.

ఇప్పుడు మైకు అన్నకు ఇవ్వండి. లేవాల్సిన పని లేదన్నా, మీరున్న చోటికే తెస్తారు.